నిజాయితీగల జూదం ఉంటుందా?

దివ్యఖుర్ఆన్ అయిదవ సూరా అల్ మాయిదాలోని 90, 91 ఆయతులలో అల్లాహ్ మద్యాన్ని, జూదాన్ని ఒకే వరుసలో నిలిపి, వాటిని షైతాన్ పనులుగా పేర్కొని, విశ్వాసులను వాటికి దూరంగా ఉండమని ఆజ్ఞాపించాడు. ఈ ఆజ్ఞను ఎరుగని ముస్లిం కుటుంబం ఉండదు. మద్రసాలో చేరిన పసివాడు కూడా జూదం హరామ్ అని తడుముకోకుండా చెబుతాడు. అయినా కొన్నేళ్ళుగా మా వద్దకు వచ్చే యువకుల ప్రశ్న స్వరూపం మారింది. ‘జూదం హరామా?’ అని వారు అడగడం లేదు. ‘హజ్రత్, ఇందులో మోసమేమీ లేదు. పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చిన ఆట ఇది. మోసం లేనప్పుడు తప్పెక్కడుంది?’ అని అడుగుతున్నారు. ఈ నెల మా మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్నను గురించే.

గోదావరి జిల్లాలకు జూదం కొత్త కాదు. 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్నా, కోడిపందేలను ఆపమని హైకోర్టు ఆదేశించినా, సంక్రాంతి వచ్చిందంటే భీమవరం, అమలాపురం పరిసరాలలో బరులు వెలుస్తూనే ఉన్నాయి. ఆ బరుల పక్కనే గుండాట, పేకాట, లోనా-బయటా శిబిరాలు వెలుస్తాయి. అయితే అక్కడ ఒక మేలు ఉండేది. బల్ల వెనుక కూర్చున్నవాణ్ణి ఎవరూ నమ్మేవారు కారు. ఆడేవాడికి కూడా పాచిక మీద, ముక్క మీద, పంచే చేతి మీద అనుమానమే. ఆ అనుమానం కొందరినైనా బరి బయటనే నిలిపింది.

ఇప్పుడు అదే లోనా-బయటా సెల్‌ఫోనులోకి వచ్చింది. చక్కని దుస్తులు ధరించిన యువతి కెమెరా ముందు నిలబడి ముక్కలు పంచుతుంది. తెర అడుగున విదేశీ లైసెన్సు సంఖ్య కనిపిస్తుంది. బరికి వెళ్ళడానికి సిగ్గుపడే కుర్రవాడు తన ఇంట్లో, తన మంచం మీద, తల్లి పక్క గదిలో నమాజు చేస్తుండగా ఆడుతున్నాడు. అనుమానం పోయింది, దాని స్థానంలో నమ్మకం వచ్చింది. ఆ నమ్మకం దేని మీద నిలబడి ఉందో పరిశీలిద్దాం.

ముక్క నిజమైనదా?

కొన్ని ఆన్‌లైన్ కాసినోలు తమ నిజాయితీని నిరూపించుకోవడానికి ఒక ఏర్పాటు చేశాయి. పందెం వేయకముందే ఫలితాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మీది ముద్రను ఆటగాడికి చూపినట్లుగా ఒక సంకేతాన్ని ఇస్తారు. ఆట ముగిశాక తాళంచెవి ఇస్తారు. పెట్టె మధ్యలో మారలేదని ఆటగాడే సరిచూసుకోవచ్చు. ఈ ఏర్పాటు సక్రమంగా ఉన్నచోట, పందెం వేసిన తర్వాత ఫలితాన్ని తారుమారు చేయలేదన్న మాట నిజమే. ఉన్న నిజాన్ని మేము కాదనము.

అయితే ఇలాంటి హామీల చరిత్రను కూడా తెలుసుకోవాలి. 1999లో ఒక ఆన్‌లైన్ పేకాట సంస్థకు ముక్కలు కలిపే ప్రోగ్రాము రాసిన కంపెనీ, తన విధానం ఎంత న్యాయమైనదో చూడమని దానిని బహిరంగంగా ప్రచురించింది. అమెరికాలోని కంప్యూటర్ భద్రతా నిపుణులు దానిని చదివి నివ్వెరపోయారు. 52 ముక్కలు కలిసే వరుసలు లెక్కకు అందనన్ని. 8 వేసి దాని పక్కన 67 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య దాదాపు అంత. ఆ ప్రోగ్రాము మాత్రం గడియారాన్ని ఆధారం చేసుకున్నందున ఒక రోజులో 8 కోట్ల 64 లక్షల వరుసలకు మించి ఇవ్వలేదు. గడియారం సరిచేసుకుని, కనబడిన కొన్ని ముక్కలను బట్టి, ఎదుటివారి చేతిలో ఏముందో ఆ నిపుణులు చెప్పగలిగారు. నమ్మకం కోసం ప్రచురించిన కాగితమే నమ్మరాదనడానికి సాక్ష్యమైంది.

2007లో మరొక ఆన్‌లైన్ పేకాట సంస్థలో, ఇతరుల ముక్కలన్నీ కనిపించే ఒక రహస్య ఖాతా బయటపడింది. దానిని పట్టుకున్నవారు తనిఖీ అధికారులు కారు, పదే పదే ఓడి అనుమానించిన ఆటగాళ్ళు. అమెరికాలో అనేక రాష్ట్రాల లాటరీలను నడిపే సంఘంలో సమాచార భద్రతకు బాధ్యుడైన అధికారే, సంఖ్యలు తీసే యంత్రంలో రహస్యపు ఆదేశాలు చొప్పించి బహుమతులు కాజేశాడు. 2017లో అతనికి 25 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడింది. కాపలావాడే దొంగ అయినప్పుడు తాళం ఎంత గట్టిదైతే ఏమి లాభం?

లెక్క సమానమైనదా?

మోసం ఒక్కటి కూడా లేదనుకుందాం. యంత్రం సత్యవంతమైనదే అనుకుందాం. అప్పుడైనా ఆట న్యాయమైనదా?

రూలెట్ అనే ఆటను చూడండి. యూరపు పద్ధతి చక్రంలో 0 నుండి 36 వరకు 37 గడులు ఉంటాయి. ఒక గడిపై 100 రూపాయలు పెట్టి గెలిస్తే, పెట్టిన 100తో కలిపి 3,600 తిరిగి వస్తాయి. ఎవరైనా 37 గడులపైనా వందేసి రూపాయలు పెట్టారనుకోండి. పెట్టినది 3,700. ఏ గడి పడినా తిరిగి వచ్చేది 3,600. చక్రంలో మోసం లేదు, గోళీలో మోసం లేదు. అయినా 100 రూపాయలు యజమాని సంచిలోకి వెళ్ళాయి. ఏ మాయా చేయకుండానే వెళ్ళాయి.

మన లోనా-బయటా కూడా ఇంతే. మధ్యలో ఒక ముక్క వేసి, అటువంటి ముక్క మళ్ళీ పడేవరకు లోపలికి ఒకటి, బయటికి ఒకటి వేస్తారు. మొదటి ముక్క లోపలికి పడుతుంది కనుక, సగటున నూటికి 51.5 సార్లు లోపలే గెలుస్తుంది. అందుకని ఆన్‌లైన్ బల్లల మీద సాధారణంగా లోపల గెలిచినవాడికి వందకు 90 మాత్రమే ఇస్తారు, బయట గెలిచినవాడికి వందకు వంద ఇస్తారు. వినడానికి న్యాయంగా ఉంది గదా! లెక్క వేయండి. లోపల ఆడేవాడు ప్రతి వందకు సగటున రెండు రూపాయలకు పైగా పోగొట్టుకుంటాడు. బయట ఆడేవాడు మూడు రూపాయలు పోగొట్టుకుంటాడు. ఎటు కూర్చున్నా యజమాని వైపే వాలు.

‘నూటికి 97 తిరిగి ఇస్తాం’ అని కొన్ని ఆటలు గర్వంగా చాటుకుంటాయి. మూడు రూపాయలే గదా పోయేది అనిపిస్తుంది. అయితే ఆ మూడు రూపాయలు రోజుకు కాదు, నెలకు కాదు, ప్రతి పందేనికి. 1,000 రూపాయలతో మొదలుపెట్టి, చేతికి వచ్చినదంతా తిరిగి పందెం వేస్తూ పోతే, సగటు లెక్కన 10 పందేలకు 737 మిగులుతాయి, 50 పందేలకు 218, 100 పందేలకు 48. ఫోనులో ఒక్కో పందెం కొన్ని సెకన్లలో ముగుస్తుంది. ఇషా నమాజు తర్వాత మొదలుపెట్టినవాడు నిద్రపోకముందే వంద దాటగలడు.

మా వద్దకు వచ్చిన ఒక యువకుడు ఈ మాటను ఒప్పుకోలేదు. రాజమహేంద్రవరంలో కొలువు, వయసు ఇరవై నాలుగు, చురుకైనవాడు. ‘హజ్రత్, నేను గెలిచాను. నా ఖాతాలోకి 41,000 వచ్చాయి’ అన్నాడు. ‘బేటా, వచ్చినది చెప్పావు. వెళ్ళినది కూడా ఈ కాగితం మీద రాయి’ అన్నాము. మూడు నెలల బ్యాంకు లెక్కను ముందు పెట్టుకుని ఒక్కొక్కటే రాశాడు. రెండు వందలు, అయిదు వందలు, మళ్ళీ రెండు వందలు. కూడితే 72,000 అయింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘హజ్రత్, ఇవి వెళ్ళాయని నాకు తెలుసు. కానీ ఇంత అని తెలియదు’ అన్నాడు. ఆ ఆటలో యంత్రం అతణ్ణి మోసగించిందో లేదో మాకు తెలియదు. మోసగించవలసిన అవసరమే దానికి లేదు. గెలుపును పెద్దదిగా, ఓటమిని చిన్నచిన్నవిగా గుర్తుంచుకునే మనిషి మనసే దాని పని చేసిపెడుతుంది.

సొమ్ము ఎవరి చేతిలో ఉంది?

ముక్క నిజమైనదే, లెక్క తెలిసే ఆడాను అనేవాడు కూడా మూడవ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఫోనులో కనిపించే అంకె సొమ్ము కాదు, అది ఒకరు ఇచ్చిన మాట. ఆ మాట ఇచ్చినవాడు ఎవరు?

2011లో ఫుల్ టిల్ట్ పోకర్ అనే ప్రసిద్ధ సంస్థ వ్యవహారం బయటపడినప్పుడు, అది ఆటగాళ్ళకు ఇవ్వవలసినది సుమారు 39 కోట్ల డాలర్లు కాగా బ్యాంకులో ఉన్నది సుమారు 6 కోట్లేనని అమెరికా ప్రభుత్వం పేర్కొంది. 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు, రంగును ఊహించి పందెం వేసే ఆన్‌లైన్ ఆటను నడుపుతున్నారన్న కేసులో ఒక చైనా దేశీయునితో సహా నలుగురిని అరెస్టు చేశారు. సుమారు 1,100 కోట్ల రూపాయల లావాదేవీలు జరిగినట్లు అప్పుడు వెల్లడించారు. రహస్య గ్రూపుల ద్వారా చేరినవారికి, ఆ ఆట వెనుక ఉన్నవారి పేరు కూడా తెలియదు.

ఇక లైసెన్సు సంగతి. ఇలాంటి అనేక ఆటలు కరేబియన్ సముద్రంలోని కురసావ్ వంటి చిన్న ద్వీపాల లైసెన్సును చూపుతాయి. సొమ్ము ఆగిపోతే కోరుకొండ నుండి ఎవరు అక్కడికి వెళ్ళి ఫిర్యాదు చేస్తారు? మన దేశంలో ఆ కాగితానికి విలువ లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, డబ్బు పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఆ చట్టంలో ఉన్నాయి. అంతకు ముందు మార్చిలో, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమా, సామాజిక మాధ్యమాల ప్రముఖులు 25 మందిపై మియాపూర్ పోలీసు స్టేషనులో కేసు నమోదైంది. తెలిసిన ముఖం చెప్పింది కదా అని నమ్మిన కుర్రవాళ్ళు ఆ ముఖానికి డబ్బు ముట్టి ఉండవచ్చునని ఆలోచించలేదు.

చేతికి గుడ్డ చుట్టిన మనిషి

ఇంతవరకు చెప్పినదంతా లోకజ్ఞానం. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ఖుర్ఆన్ నిషేధించిన జూదానికి అరబీలో ‘మైసిర్’ అని పేరు. అజ్ఞానకాలపు అరబ్బులు దానిని ఎలా ఆడేవారో ధర్మవేత్తలు వివరంగా రాసి ఉంచారు. ఇబ్నె ఖుతైబా ఈ విషయం మీదనే ఒక గ్రంథం రచించారు. ఒక ఒంటెను కోసి మాంసాన్ని భాగాలు చేసేవారు. పది బాణపు పుల్లలు ఉండేవి. ఏడింటికి ఒకటి నుండి ఏడు వరకు వాటాలు, మూడింటికి ఏమీ లేదు. పుల్లలను సంచిలో వేసి కలిపి ఒక్కొక్కటిగా తీసేవారు. తీసే మనిషి వేలితో తడిమి పుల్లను గుర్తుపట్టకుండా అతని చేతికి గుడ్డ చుట్టేవారు. అతడు తప్పు చేయకుండా చూడడానికి వెనుక ఒక కాపరిని నిలిపేవారు. గెలిచినవారు చాలాసార్లు ఆ మాంసాన్ని తాము తినక పేదలకు పంచి, అదే గొప్పగా చెప్పుకునేవారు. ఓడినవారు ఒంటె వెల చెల్లించేవారు.

పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. చేతికి చుట్టిన ఆ గుడ్డ నేటి సర్టిఫికెట్ కాదా? వెనుక నిలిచిన ఆ కాపరి నేటి తనిఖీ సంస్థ కాదా? పైగా ఆ ఆటలో వాలు చక్రం లేదు, నూటికి మూడు మింగే యజమాని లేడు, చివరకు మాంసం పేదల ఇంటికి చేరేది. నేటి ఏ కాసినో కన్నా ఆ ఆట నిజాయితీగా ఉంది. అల్ బఖరా సూరా 219వ ఆయతు అందులో జనులకు కొంత ప్రయోజనం ఉందని ఒప్పుకుంటూనే, పాపం ఆ ప్రయోజనం కన్నా పెద్దదని తెలిపింది. ఆ తర్వాత అల్ మాయిదాలో పూర్తి నిషేధం వచ్చింది. ఆ నిషేధానికి అల్లాహ్ తెలిపిన కారణాలలో ‘పుల్లలు తీసేవాడు మోసగిస్తాడు’ అన్న మాట లేదు. మనుషుల మధ్య వైరాన్ని, ద్వేషాన్ని రగిలించడం, అల్లాహ్ స్మరణ నుండి, నమాజు నుండి మళ్ళించడం, ఇవీ కారణాలు. నిజాయితీగల మైసిర్‌నే అల్లాహ్ హరామ్ చేశాడు. కనుక ఆట నిజాయితీని ఎంత నిరూపించినా, నిషేధించిన కారణం చెక్కుచెదరదు.

‘వ్యాపారంలోనూ నష్టం ఉంటుంది గదా’ అనేవారున్నారు. ఉంటుంది. 1986లో గోదావరికి మహా వరద వచ్చినప్పుడు ఎందరో రైతుల పంట పోయింది. అయితే ఆ రైతు నష్టం మరొకరు పన్నిన లాభం కాదు. అతడు నాటినది వరి, పండితే పదిమంది తినేవారు. వ్యాపారంలో కొన్నవాడికి సరుకు దక్కుతుంది, అమ్మినవాడికి వెల దక్కుతుంది. జూదంలో ఒకరి చేతికి రూపాయి రావాలంటే మరొకరి ఇంట రూపాయి తగ్గాలి, మధ్యలో పుట్టేది ఏదీ లేదు. అన్ నిసా సూరా 29వ ఆయతు పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని అనుమతిస్తూ, ఒకరి సొమ్మును ఒకరు అన్యాయంగా తినడాన్ని నిషేధించింది. ఓడినవాడు ఆడడానికి ఒప్పుకున్నాడే తప్ప, ఓడడానికి మనసారా ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు.

‘రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది’ అన్నది మరొక సాకు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో ఆ తీర్పు వచ్చిన మాట నిజమే. అయితే పందెం పెట్టి ఆడించి యజమాని లాభం చేసుకుంటే నేరం కాగలదని అదే తీర్పులో ఉంది. ఆ వాక్యాన్ని ప్రకటనలవారు చెప్పరు. షరీఅతు దృష్టిలో కొలత వేరు. ఇరువైపులవారూ సొమ్ము పెట్టి, ఒకరి నష్టం మరొకరి లాభం కావాలని ఆడితే, అది నైపుణ్యమైనా అదృష్టమైనా ఖిమారే.

ఇంటివారు చేయవలసినది

ఈ ఊబిలో దిగిన బిడ్డ ఉన్న ఇంటికి ముందుగా ఒక మాట. కేకలు వేయకండి, నలుగురిలో అవమానించకండి. అవమానపడినవాడు దాచడం నేర్చుకుంటాడు, దాచినవాడు మరింత అప్పు చేస్తాడు. మేము పైన చెప్పినట్లు బ్యాంకు లెక్క ముందు పెట్టి, వెళ్ళినది, వచ్చినది అతని చేతనే రాయించండి. వంద ఉపన్యాసాలకన్నా ఆ కాగితం గట్టిగా మాట్లాడుతుంది.

పోయినదానిని ఆటలోనే తిరిగి సంపాదిస్తానంటే ఒప్పుకోవద్దు. పోయినది పోయింది. అప్పు తీర్చదలిస్తే అతని చేతికి డబ్బు ఇవ్వక, అప్పు ఇచ్చినవారికే నేరుగా చెల్లించండి. కొంతకాలం జీతం తండ్రి లేదా భార్య చేతిలో ఉండేలా అతనే ఒప్పుకోవాలి. భార్య మహర్, ఆమె నగలు ఆమె సొత్తు. భర్త జూదపు అప్పు కోసం వాటిని ఇవ్వవలసిన బాధ్యత ఆమెకు లేదని పెద్దలు స్పష్టంగా చెప్పాలి.

గెలిచిన సొమ్ము మిగిలి ఉంటే అది ఇంటి ఖర్చుకు పనికిరాదు. అసలు హక్కుదారు ఎవరో తెలిసే వీలు లేనప్పుడు, పుణ్యాన్ని ఆశించకుండా దానిని పేదలకు ఇచ్చి వదిలించుకోవాలని ధర్మవేత్తలు చెప్పారు. ‘రా, జూదమాడుదాం’ అని నోట అన్నందుకే దానధర్మం చేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. నోటి మాటకే ఇంత పరిహారమైతే, చేతి పనికి తౌబా ఎంత అవసరమో గ్రహించండి.

సొమ్ము మోసపోతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేసి ఫిర్యాదు చేయండి. ఆట మానలేక తల్లడిల్లుతున్నవారి కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరులో ఉచితంగా మాట్లాడుతుంది. అప్పుల భారంతో ప్రాణం మీద విరక్తి కలిగిందని బిడ్డ అంటే, అది బెదిరింపు అనుకోవద్దు. ఆ రాత్రి అతణ్ణి ఒంటరిగా వదలకండి, వెంటనే ఆ నంబరుకు ఫోను చేయండి. ఎంత పెద్ద అప్పూ ప్రాణం కన్నా పెద్దది కాదు. దుఆతో పాటు వైద్యాన్ని కూడా ఆశ్రయించడం మన ధర్మం నేర్పిన మార్గమే.

యువకులకు చివరి మాట. మీ నమ్మకం చవకైనది కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రవక్తగా నియమితులు కాకముందే మక్కావాసులు ఆయనను అమీన్ అని పిలిచేవారు, తమ సొమ్మును ఆయన వద్ద దాచుకునేవారు. ఆయన దానిని చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించేవారు. నమ్మకం అంటే అది. మీరు ఓడితేనే బతికే సంస్థను ‘ఇది నన్ను మోసం చేయదు గదా’ అని అడగవలసిన పనే లేదు. ‘నేను నష్టపోతే బాధపడేవారు ఇందులో ఒక్కరైనా ఉన్నారా?’ అని అడగండి. అలా బాధపడేవారు మీ ఇంట్లో ఉన్నారు. మీ సంపాదన, మీ సమయం వారి అమానతు.

అల్లాహ్ మన ఇళ్ళను హరామ్ సంపాదన నుండి కాపాడుగాక! దారి తప్పిన మన బిడ్డలకు తిరిగి వచ్చే ధైర్యాన్ని, వారిని దగ్గరకు తీసుకునే ఓర్పును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.